బ్లాకు కింది కోపితియాం: ఎలా అడగాలి, ఏది తినాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే విషయం: సింగపూర్. అక్కడ స్థిరపడ్డ పిల్లల దగ్గరికి నెలా రెండు నెలలు వెళ్తున్న పెద్దవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు రాశారు. ఖర్చు పెరగకుండా, కడుపు చెడకుండా, తినకూడనిది తినకుండా బయట భోంచేయడం ఎలా అన్నది అందరి బెంగ. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి ఉండే బిల్డింగు కింద "కాఫీ షాపు" ఉందట. టిఫిన్లు, భోజనాలు అన్నీ అక్కడే దొరుకుతాయంటుంది. కాఫీ షాపులో భోజనమేమిటి? హాకర్ సెంటర్, ఫుడ్ కోర్టు అని కూడా అంటుంది. మూడూ ఒకటేనా? (తెనాలి)

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. అక్కడ కాఫీ షాపంటే కోపితియాం. "కోపీ" మలయ్ మాట, కాఫీ అని అర్థం; "తియాం" హోక్కియన్ చైనీయుల మాట, కొట్టు అని. ఒకే కప్పు కింద ఐదారు నుంచి పది పన్నెండు వంట స్టాళ్లుంటాయి. ఒక్కొక్క స్టాలు ఒక్కొక్కరు అద్దెకు తీసుకుని నడుపుతారు. పానీయాల స్టాలు మాత్రం చాలాచోట్ల ఆ షాపు నడిపే యజమానిదే. అందుకే మీరు బల్ల దగ్గర కూర్చోగానే ఎవరో వచ్చి "డ్రింక్?" అని అడుగుతారు. తిండికి మీరే స్టాలు దగ్గరికి వెళ్లాలి.

హాకర్ సెంటర్ ప్రభుత్వం కట్టించినది, ఇంకా పెద్దది. ఒకప్పుడు వీధుల్లో బండ్ల మీద అమ్మేవాళ్లకు 1968, 69లలో రిజిస్ట్రేషన్ పెట్టి, 1971 నుంచి 1986 మధ్య ఈ సెంటర్లు కట్టి అందులోకి మార్చారు. ఈ హాకర్ సంస్కృతిని 2020 డిసెంబరులో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఫుడ్ కోర్టు మాల్‌లో ఉంటుంది, ఏసీ ఉంటుంది, అదే వంటకానికి సింగపూర్ డాలరో రెండో ఎక్కువ తీసుకుంటారు. రోజువారీ తిండికి మీ బ్లాకు కింది కోపితియామే నయం.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. స్టాళ్ల సెలవులు ఒకే రోజున ఉండవు. సోమవారం కొన్ని మూసేస్తారు. పేరున్న స్టాళ్లు మధ్యాహ్నం రెండింటికే సరుకైపోయి కట్టేస్తాయి. టిఫిన్‌కి ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపల, భోజనానికి పదకొండున్నరకు వెళ్తే వేడివేడిగా దొరుకుతుంది, ఆఫీసుల రద్దీ కూడా తప్పుతుంది.

ప్రశ్న: మావారికి షుగరు. కాఫీ లేకుండా ఉండలేరు. అక్కడ "కోపీ" అంటే పాకంలా తియ్యగా ఇచ్చారట. చక్కెర వద్దని ఎలా చెప్పాలి? (రాజమండ్రి, ఇంకా ఇద్దరు)

జవాబు: తప్పు అడిగిన మాటలోనే ఉంది. ఉత్తి "కోపీ" అంటే డికాక్షన్‌లో మిల్క్‌మెయిడ్ లాంటి తీపి కండెన్స్‌డ్ పాలు పోసి ఇస్తారు. కప్పు అడుగున మందంగా తీపి పేరుకుంటుంది. ఆ పాలలోనే చక్కెర ఉంది కాబట్టి "నో షుగర్" అన్నా ఫలితం ఉండదు. పాల రకమే మార్చాలి.

ఈ మాటలు నేర్చుకుంటే చాలు. "కోపీ ఓ" అంటే పాలు లేని నల్ల కాఫీ, చక్కెర ఉంటుంది. "కోపీ సీ" అంటే కండెన్స్‌డ్ పాలకు బదులు ఇవాపరేటెడ్ పాలు, అంటే తీపి కలపకుండా చిక్కబరిచిన డబ్బా పాలు. చక్కెర మాత్రం విడిగా వేస్తారు. "కొసొంగ్" మలయ్ మాట, ఖాళీ అని అర్థం. చక్కెర అసలు వద్దన్నట్టు. "సియు దాయ్" అంటే తీపి తక్కువ. "గావ్" అంటే చిక్కగా, "పో" అంటే పల్చగా. "పెంగ్" అంటే ఐసుతో. దీనికి ఇరవై ముప్ఫై సెంట్లు ఎక్కువవుతుంది. పెంగ్ అనకపోతే వేడిగానే ఇస్తారు.

మీవారికి కావలసింది "కోపీ సీ కొసొంగ్". పాల రంగు, పాల రుచి ఉంటాయి, చక్కెర వేయరు. చిక్కగా తాగే అలవాటుంటే "కోపీ సీ గావ్ కొసొంగ్". ఉత్తి "కోపీ కొసొంగ్" అని మాత్రం అనకండి. ఒక చోట నల్ల కాఫీ ఇస్తారు, ఇంకో చోట కండెన్స్‌డ్ పాలు పోసేస్తారు. వేడి కోపీ ధర పేటలో సుమారు డాలరు ఇరవై నుంచి డాలరు అరవై సెంట్ల మధ్య ఉంటుంది.

రుచి మన ఫిల్టర్ కాఫీలా ఉంటుందని ఆశించవద్దు. వాళ్లు వాడేది ఎక్కువగా రోబస్టా గింజ. దాన్ని చక్కెర, మార్గరిన్ లేదా వెన్నతో కలిపి నల్లబడేదాకా వేయిస్తారు. ఆ మాడిన పంచదార వాసనే కోపీ వాసన. పొడిని మేజోడులాంటి పొడుగాటి గుడ్డసంచిలో వేసి, మరిగే నీళ్లు పోసి, పొడుగు మూతి కూజాల్లోకి వంపుతారు. చికోరీ వాసన ఉండదు గానీ ఘాటు మాత్రం గట్టిది. రాత్రి నిద్ర పట్టనివాళ్లు సాయంత్రం ఐదు దాటాక తాగకపోవడం మంచిది.

టీకి కూడా ఇవే మాటలు, "కోపీ" స్థానంలో "తే" పెట్టండి. మన ఇంటి టీకి దగ్గరగా ఉండేది "తే సీ సియు దాయ్". అల్లం టీ కావాలంటే ప్రాటా (మన పరోటా లాంటిది) స్టాలు దగ్గర "తే హాలియా" అడగండి. "తే తారిక్" అంటే పైనుంచి లాగి పోసిన టీ, మన మీటర్ టీ బాపతు. కండెన్స్‌డ్ పాలతోనే చేస్తారు కాబట్టి షుగరున్నవాళ్లకు పనికిరాదు.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. "వెజిటబుల్" అని చూపించి కొనుక్కున్నదాంట్లో ఎండు చేపలు వచ్చాయి. నమ్మి తినగలిగేది ఏమైనా ఉందా? (హైదరాబాద్, విశాఖపట్నం, సింగపూర్ నుంచి నలుగురు)

జవాబు: ఉంది, పుష్కలంగా ఉంది. అయితే ముందు ఒకటి అర్థం చేసుకోవాలి. అక్కడ "వెజిటబుల్" అంటే కూరగాయ, అంతే. దాన్ని దేనితో వండారన్నది వేరే సంగతి. చైనా స్టాలులో ఆకుకూర మీద ఆయిస్టర్ సాస్ పోస్తారు, అది గుల్లచేపలతో చేసిన సాసు. క్యాబేజీలో ఎండు రొయ్యలు వేస్తారు. టోఫూ మీద పంది ఖైమా చల్లుతారు. "కాంగ్‌కోంగ్" అనే తూటికూరను బెలచాన్ వేసి వేయిస్తారు, అది రొయ్యల ముద్ద. మీకు వచ్చిన ఎండు చేపలు ఇకన్ బిలిస్, అంటే నెత్తళ్లు. కనిపించాయి కాబట్టి తెలిసింది. బెలచాన్ కనిపించదు, కారంలో కలిసిపోతుంది. అసలు జాగ్రత్త అక్కడే కావాలి.

పైకి శాకాహారంలా కనిపించి మోసం చేసేవి ఇంకొన్ని. చికెన్ రైస్ స్టాలులో ఉత్తి అన్నం అడిగితే సరిపోదు, ఆ అన్నాన్నే కోడి కొవ్వు, కోడి ఉడికించిన నీళ్లతో వండుతారు. "క్యారెట్ కేక్"లో క్యారెట్ లేదు, కేకూ కాదు. తెల్ల ముల్లంగి, బియ్యప్పిండి దిమ్మను ముక్కలు చేసి గుడ్డుతో వేయిస్తారు. చైనా రోజాక్ పళ్ల ముక్కలే అయినా దాని నల్లటి సాసులో రొయ్యల ముద్ద ఉంటుంది. నాసి లెమాక్ అన్నం కొబ్బరిపాలతో వండినది, అది సరే. పక్కన పెట్టే సంబల్ కారంలో చేపో రొయ్యో తప్పదు. లొంటాంగ్ పులుసు మన కొబ్బరిపాల కూరలా ఉంటుంది, మసాలాలో ఎండు రొయ్యలు నూరతారు. యోంగ్ తావ్ ఫూలో బెండకాయ, వంకాయ కనిపించగానే సంబరపడొద్దు, లోపల కూరింది చేప ముద్ద.

మరి ఏం తినాలి? మొదటి దారి చైనా వెజిటేరియన్ స్టాలు. చాలా కోపితియాంలలో ఒకటుంటుంది. బోర్డు మీద "వెజిటేరియన్" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది, కొన్నిటి మీద బౌద్ధుల స్వస్తిక గుర్తు కూడా ఉంటుంది. ఇక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వేయకపోవడం సంప్రదాయం. అద్దాల వెనుక ఎర్రటి మాంసం ముక్కల్లా, చేప తునకల్లా కనిపించేవి చూసి వెనక్కి రాకండి. అవి గోధుమ జిగురు, సోయా, పుట్టగొడుగులతో చేసినవి. గుడ్డు కూడా తినని మీలాంటివాళ్లు "ఎగ్ గాట్?" అని ఆ ముక్కల గురించి అడగాలి, ఎందుకంటే కొన్నిటిని గుడ్డు తెల్లసొనతో అతికిస్తారు. అనుమానంగా ఉంటే ముక్కలు వదిలి బీహూన్ (వేయించిన సన్న సేమ్యా, బియ్యంతో చేసినది), ఆకుకూర, టోఫూ, బీన్‌కర్డ్ తొడుగు (సోయా పాల మీద కట్టే పొర) తీసుకోండి. మూడు నాలుగు డాలర్లలో కడుపు నిండుతుంది. చైనా చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు చాలామంది చైనీయులు శాకాహారమే తింటారు. అంటే మన అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో ఈ స్టాలు ముందు వరుస పొడుగవుతుంది, పదకొండింటికే వెళ్లండి.

రెండో దారి భారతీయ స్టాలు. తోసై (దోసె), ఇడ్లీ, సాంబారు, పూరీ దొరుకుతాయి. తమిళం కాస్త వస్తే "సైవమ్" అంటే చాలు, అర్థమవుతుంది. మూడోది తియ్యటి, చల్లటి తిండి: సోయా పాలు, తావ్ హ్వే (సోయా పాలను జున్ను కంటే మెత్తగా తోడుపెట్టినట్టుండే పదార్థం), చెండోల్ (కొబ్బరిపాలు, బెల్లం పాకం పోసిన ఐసు). అరటికాయ బజ్జీకి బదులు అరటిపండు బజ్జీ ఉంటుంది, గోరెంగ్ పిసాంగ్ అంటారు. ఆ నూనెలోనే చేపలు, రొయ్యలు కూడా వేయిస్తున్నారేమో ఓసారి మూకుడు వైపు చూసి కొనండి.

చైనా స్టాలులో చెప్పవలసిన మాట "వో చ్‌రి సూ": నేను శాకాహారం తింటాను అని. ఇంగ్లీషులో ఒట్టి "నో మీట్" అంటే చేప, రొయ్య లెక్కలోకి రావు. "నో మీట్, నో ఫిష్, నో ప్రాన్, నో ఆయిస్టర్ సాస్" అని నాలుగూ చెప్పాలి. మూకుడు మాత్రం అందరికీ ఒకటే. అది కూడా సమ్మతం కానివాళ్లు పూర్తి వెజిటేరియన్ స్టాలు దాటి బయటికి పోవద్దు.

ప్రశ్న: కోడి, చేప, మేక తింటాం. గొడ్డు మాంసం, పంది మాంసం వద్దు. హలాల్ బోర్డు ఉన్న చోట తింటే సరిపోతుందా? (కరీంనగర్)

జవాబు: సగమే సరిపోతుంది. హలాల్ స్టాలులో పంది ఉండదు గానీ గొడ్డు మాంసం ఉండొచ్చు. మలయ్ స్టాలులో "రెండాంగ్" (కొబ్బరి మసాలా కూర) అంటే చాలావరకు అదే. "దాగింగ్" అన్నా మాంసమని అర్థమే అయినా అక్కడ గొడ్డు మాంసంగానే తీసుకోండి. "ఆయమ్" కోడి, "ఇకన్" చేప, "కంబింగ్" మేక, "సోతొంగ్" స్క్విడ్. ఈ మాటలు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

చైనా స్టాలులో "బక్" అన్నది పేరులో ఉంటే పంది: బక్ కుట్ తే, బక్ చోర్ మీ. "చార్ సియు" ఎర్రగా కాల్చిన పంది. చికెన్ రైస్ స్టాలులో చాలాచోట్ల కోడినీ, చార్ సియునూ ఒకే మొద్దు మీద నరుకుతారు. అది పట్టింపు ఉంటే హలాల్ చికెన్ రైస్ స్టాలు చూసుకోండి. చేప ఉండల నూడుల్స్ పేరుకి చేపే, చివర్లో పంది కొవ్వు వేపుడు ఒక చెంచా చల్లుతారు.

ప్రశ్న: ఎకానమీ రైస్ చవకంటారు కదా, నాకు ఎనిమిది డాలర్లు తీసుకున్నారు. పక్కనున్నాయన నాలుగే ఇచ్చాడు. కొత్తవాణ్ణని ఎక్కువ తీసుకున్నారా? (సింగపూర్‌లో ఉద్యోగి, స్వస్థలం అనంతపురం)

జవాబు: అలా జరిగే అవకాశం తక్కువ. మీరు చూపించిన కూరల వల్లే తేడా వచ్చి ఉంటుంది. ఎకానమీ రైస్ మన కర్రీ పాయింటు లాంటిది. ఇరవై ముప్ఫై ట్రేలుంటాయి, వేలితో చూపిస్తే అన్నం మీద వేస్తారు. లెక్క కూర రకం మీద: ఆకుకూర, టోఫూ, గుడ్డు ఒక వరుస, కోడి, పంది ఇంకో వరుస, చేప, రొయ్య, స్క్విడ్ మరో వరుస. మొదటి రకాలు రెండు, మాంసం ఒకటి వేసుకుంటే పేటల్లో సుమారు నాలుగు నుంచి ఐదు డాలర్లు. చేప ముక్క ఒకటి చేర్చగానే రెండు మూడు డాలర్లు పెరుగుతుంది. రొయ్యలూ అంతే. కూర విడిగా చిన్న పళ్లెంలో పెట్టమంటే పరిమాణం పెరుగుతుంది, ధరా పెరుగుతుంది.

కాబట్టి ముందే "వన్ మీట్, టూ వెజ్" అని చెప్పి, ఆ తర్వాత చూపించండి. చేప వైపు వేలు పెట్టేముందు "దిస్ వన్ హౌ మచ్?" అని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. వేశాక అడిగితే లాభం లేదు. కూర పులుసు పైన పోయమంటే సాధారణంగా ఉచితం. అన్నం మారు వేసుకుంటే ముప్ఫై నుంచి యాభై సెంట్లు.

మధ్యాహ్నం మూడు దాటాక ఇక్కడ తినకపోవడం మంచిది. ట్రేలు పదకొండింటికి నింపినవి. ఆ ఎండకు, ఉక్కకు నాలుగు గంటలు నిలిచిన అన్నం, మాంసం కడుపుకు మంచివి కావు. ఆ వేళకు అప్పటికప్పుడు చేసిచ్చే ప్రాటా, నూడుల్స్ నయం.

ఇంకో మాట. హౌసింగ్ బోర్డు అద్దెకిచ్చిన కాఫీ షాపులు చాలావాటిలో "బడ్జెట్ మీల్" పెట్టాలన్న షరతు ఉంది. స్టాలు మీద ఆ లేబుల్ వెతకండి. ఏ షాపులో ఏది దొరుకుతుందో చూపించే "బడ్జెట్ మీల్ గో వేర్" అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. హాకర్ స్టాళ్లలో సర్వీసు ఛార్జి వేయరు, టిప్పు ఇవ్వక్కర్లేదు. చిల్లర పెట్టుకుంటే మంచిది. కార్డు తీసుకోని స్టాళ్లు ఇప్పటికీ ఉన్నాయి, క్యూఆర్ చెల్లింపు అక్కడి బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకే సులువు.

ప్రశ్న: ప్రాటా ఇంటికి తెస్తే తోలులా సాగుతోంది. అక్కడ కరకరలాడింది కదా? (సింగపూర్ నుంచి ఒక గృహిణి)

జవాబు: వేడి ప్రాటాను కాగితంలో చుట్టగానే దాని ఆవిరి దానికే పట్టి మెత్తబడుతుంది. ఇంటికి తేవలసి వస్తే మన స్టీలు డబ్బా తీసుకెళ్లి మూత కొంచెం తెరిచి ఉంచండి. ఇంటికొచ్చాక నూనె లేకుండా పెనం మీద సన్నసెగన ఒక్కో వైపు నిమిషం చొప్పున కాల్చండి. మైక్రోవేవ్‌లో పెడితే ఇంకా సాగుతుంది. ఉత్త ప్రాటాను "కొసొంగ్" అనాలి. కూర విషయం మీరు చెప్పకపోతే చేప పులుసో కోడి పులుసో పోస్తారు, "దాల్" అని ముందే అనండి. గుడ్డు తిననివాళ్లకు హెచ్చరిక: కొందరు పిండిలోనే గుడ్డు కలుపుతారు, పైగా గుడ్డు ప్రాటా, ముర్తబాక్ (మాంసం, గుడ్డు కూరిన ప్రాటా) అదే పెనం మీద కాలుస్తారు.

పార్సిల్‌ని అక్కడ "దాబావ్" లేదా "తపావ్" అంటారు. డబ్బాకు ఇరవై ముప్ఫై సెంట్లు వేస్తారు. మన క్యారియర్ ఇస్తే అభ్యంతరం చెప్పేవాళ్లు అరుదు. నూడుల్స్ అయితే పులుసు విడిగా కట్టించుకోండి, లేకపోతే ఇంటికొచ్చేసరికి నూడుల్స్ పులుసంతా పీల్చి గుజ్జవుతాయి.

ప్రశ్న: తిన్న పళ్లెం తీయకపోతే జరిమానా అంటున్నారు, నిజమా? బల్ల మీద రుమాలు కాగితాల పాకెట్ పెట్టి ఉంటే కూర్చోకూడదా? (విజయవాడ)

జవాబు: నిజమే. హాకర్ సెంటర్లలో 2021 సెప్టెంబరు 1 నుంచి, కాఫీ షాపులు, ఫుడ్ కోర్టుల్లో 2022 జనవరి 1 నుంచి ఈ నియమం అమలవుతోంది. మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్లు. పళ్లెం, గ్లాసు, వాడిన టిష్యూలు, ఎముకలు అన్నీ ట్రేలో పెట్టి అరల దగ్గర ఇవ్వాలి. హలాల్ ట్రేలకు వేరే అర ఉంటుంది, కలపకండి. ముస్లింలకు అది ముఖ్యమైన విషయం.

టిష్యూ పాకెట్ పెట్టడాన్ని "చోప్" అంటారు, మన బస్సు సీటులో తువ్వాలు వేసినట్టే. చట్టమేమీ లేదు, మర్యాద కోసం అందరూ ఒప్పుకుంటారు. ఖాళీ కుర్చీ ఉంటే "ఎనీవన్ సిట్టింగ్?" అని అడిగి తెలియనివాళ్ల బల్ల దగ్గర కూర్చోవచ్చు. టిష్యూలు మీరే తీసుకెళ్లండి, మంచినీళ్ల సీసా కూడా. ఉచితంగా నీళ్లు పెట్టే అలవాటు అక్కడ లేదు. చేత్తో తినడానికి సంకోచించకండి, చేతులు కడుక్కునే సింకు ఎక్కడో ఒకచోట ఉంటుంది. నడిపేవాళ్లను, శుభ్రం చేసే పెద్దవాళ్లను "అంకుల్", "ఆంటీ" అనే పిలుస్తారు.

ప్రశ్న: కాయా టోస్టు బాగా నచ్చింది. ఆ కాయా జామ్ ఇంట్లో చేయవచ్చా? నాది ముద్దలు ముద్దలయింది. (బెంగళూరు)

జవాబు: సెగ ఎక్కువైంది. కాయా అంటే గుడ్డు, కొబ్బరిపాలు, చక్కెర. గుడ్డు ఒక్కసారిగా వేడెక్కితే పొరటులా విరుగుతుంది. నాలుగు గుడ్లు, 200 మి.లీ. చిక్కటి తొలి కొబ్బరిపాలు, 150 గ్రాముల చక్కెర తీసుకోండి. చక్కెర కరిగేదాకా కలిపి వడగట్టండి, నురగ రానివ్వద్దు. ముడివేసిన నాలుగు పాండన్ ఆకులు వేయండి. పాండన్ మన మొగలి జాతిదే, బెంగళూరు నర్సరీల్లో మొక్క దొరుకుతుంది. మరిగే నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి, నీళ్లు పై గిన్నె అడుగును తాకకుండా చూసుకుని, సన్నసెగన 40 నిమిషాలు చెక్క గరిటెతో ఆపకుండా తిప్పండి. గరిటె వెనుక వేలితో గీస్తే గీత నిలవాలి. అప్పటికీ పలుకులు కడితే ఆకులు తీసి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి, నున్నగా వస్తుంది. గోధుమ రంగు కావాలంటే చక్కెరలో మూడు చెంచాలు విడిగా పాకం మాడ్చి చివర్లో కలపాలి. ఫ్రిజ్‌లో వారం నిలవ ఉంటుంది.

పక్కన ఇచ్చే సగం ఉడికిన గుడ్లకు లీటరు నీళ్లు మరిగించి పొయ్యి ఆపేసి, బయట ఉంచిన రెండు గుడ్లు వేసి మూతపెట్టి ఆరేడు నిమిషాలు ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసినవి నేరుగా వేస్తే నీళ్లు చల్లబడి సొన పచ్చిగా మిగులుతుంది. పగలగొట్టి సాసరులో వేసి, నల్ల సోయా సాస్ నాలుగు చుక్కలు, తెల్ల మిరియాల పొడి చల్లి, టోస్టు అందులో ముంచుకుని తినాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, బాగా పెద్దవాళ్లు మాత్రం గుడ్డు పూర్తిగా ఉడికించుకునే తినండి.